కబడ్డీ తక్కువ ఆటా? ఏ టీం ఆటలో ఒంటికి ఎంత పని

మీ ప్రశ్న చదివాను. మీ అబ్బాయి తొమ్మిదో తరగతి, కబడ్డీలో జిల్లా జట్టుకి ఎంపికయ్యాడు. మీ తమ్ముడేమో కబడ్డీలో ఏముంది, కండబలం ఉంటే చాలు, అసలైన అథ్లెట్లు ఆడేది ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, వాణ్ణి అటు మార్చెయ్ అంటున్నాడు. ఏ టీం ఆటకి ఎక్కువ అథ్లెటిక్ సామర్థ్యం కావాలో తేల్చి చెప్పమన్నారు. నేను జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో పీఈటీగా చేసి రిటైరయ్యాను, కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ జట్లు తయారుచేశాను, వయసులో ఉన్నప్పుడు వాలీబాల్ గట్టిగానే ఆడాను. కాబట్టి కొంచెం పొడుగ్గానే చెబుతాను, ఓపికగా చదవండి. మీ తమ్ముడు చెప్పినదాంట్లో ఫుట్‌బాల్ గురించిన సగం నిజం, కబడ్డీ గురించిన సగం పూర్తిగా తప్పు.

అథ్లెటిక్ సామర్థ్యం అని మనం ఒక్క మాటలో అనేస్తాం గానీ అందులో వేగం వేరు, దమ్ము వేరు, బలం వేరు, ఒక్కసారిగా పేలినట్టు కదలగలిగే పవర్ వేరు, దిక్కు మార్చగలిగే చురుకుదనం వేరు, బ్యాలెన్స్ వేరు, దెబ్బలు తట్టుకోవడం వేరు. అమెరికాలో ఈఎస్‌పీఎన్ అనే క్రీడల ఛానెల్ వాళ్ళు చాలా ఏళ్ళ క్రితం ఇలాంటి పది గుణాలు తీసుకుని, నిపుణులతో మార్కులు వేయించి, అరవై ఆటలకి ర్యాంకులు ఇచ్చారు. బాక్సింగ్ మొదటిది, ఐస్ హాకీ రెండోది, వాళ్ళ అమెరికన్ ఫుట్‌బాల్ మూడోది, బాస్కెట్‌బాల్ నాలుగోది. కబడ్డీ, ఖోఖో ఆ పట్టికలోనే లేవు, వాళ్ళకి తెలిసిన ఆటలకే వాళ్ళు మార్కులు వేసుకున్నారు. ఆ సంగతి పక్కన పెట్టినా ఆ పద్ధతి మీదే నాకు అభ్యంతరం ఉంది. పది గుణాలకి విడివిడిగా మార్కులు వేసి కూడేస్తే వచ్చేది పరీక్షల టోటల్ లాంటిది, తెలుగులో 90, లెక్కల్లో 30 వచ్చినవాడూ రెండిట్లో 60 వచ్చినవాడూ ఒకటే అయిపోతారు. మైదానంలో అలా జరగదు. మ్యాచ్ తేలిపోయే ఆ రెండు మూడు సెకన్లలో ఆటగాడికి ఏమేం ఒకేసారి కావాలి, అప్పటికి వాడు ఎంత అలసిపోయి ఉన్నాడు, ఆ లోటుని టెక్నిక్‌తో ఎంతవరకు పూడ్చుకోగలడు, నేను చూసేది ఈ మూడే.

ముందు మీ తమ్ముడి ఫుట్‌బాల్ సంగతి చూద్దాం. పెద్ద స్థాయిలో ఒక మిడ్‌ఫీల్డర్ 90 నిమిషాల్లో 10 నుంచి 12 కిలోమీటర్లు తిరుగుతాడు. వినగానే మారథాన్ లాంటిది అనిపిస్తుంది గానీ అందులో ఎక్కువ భాగం నడక, మెల్లటి పరుగు, పూర్తి వేగంతో పరిగెత్తేది కొన్ని వందల మీటర్లే. కష్టం ఎక్కడంటే ఆ కొన్ని వందల మీటర్లు ఎప్పుడు వస్తాయో తెలియదు, 88వ నిమిషంలో ఎదుటి వింగర్ దూసుకుపోతే 8వ నిమిషంలో పరిగెత్తినంత వేగంగానూ వెంటపడాలి. ఉరుకు, కోలుకో, మళ్ళీ ఉరుకు. ఈ కోలుకునే శక్తిని కొలవడానికే డెన్మార్క్‌కి చెందిన యెన్స్ బాంగ్స్‌బో యో-యో టెస్ట్ తయారుచేశాడు. 20 మీటర్లు వెళ్ళి రావడం, 10 సెకన్లు ఆగడం, వేగం పెంచుతూ మళ్ళీ వెళ్ళడం. దమ్ము విషయంలో ఫుట్‌బాల్‌కి ఎవరూ వంక పెట్టలేరు, చేతులు వాడకుండా పరిగెత్తుతూ కాలితో బంతిని అదుపులో ఉంచుకోవడం కూడా చిన్న విషయం కాదు.

కానీ ఫుట్‌బాల్‌లో టెక్నిక్ ఒంటిని చాలా కాపాడుతుంది. దీనికి మన హైదరాబాదే సాక్ష్యం. సయ్యద్ అబ్దుల్ రహీం కోచ్‌గా ఉన్నప్పుడు భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి స్వర్ణం గెలిచింది. అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం ఆ తరం ఆటగాడే. ఆ జట్లు యూరప్ వాళ్ళకన్నా ఎత్తూ బరువూ ఎక్కువున్న జట్లు కావు. డ్రిబ్లింగ్ తగ్గించి వెంట వెంటనే పాస్ ఇచ్చే ఆటకి రహీం వాళ్ళని అలవాటు చేశాడు, అప్పుడు పరిగెత్తే పని చాలావరకు బంతిది అవుతుంది. అయితే అదే 1962 ఫైనల్లో తలకి కుట్లతో దిగిన జర్నైల్ సింగ్, డిఫెండర్ అయ్యుండి ఫార్వర్డ్‌గా ఆడి గోల్ కొట్టాడు. పాసింగ్ ఎంత నేర్పినా ఆ మొండి శరీరం కూడా ఉండాలి.

ఇక కబడ్డీ. మీ తమ్ముడు టీవీలో ఏడుగురు ఒకడి మీద పడటం చూసి కండబలం అనుకుంటున్నాడు. సీనియర్ పురుషుల జాతీయ పోటీల్లో 85 కిలోల బరువు పరిమితి ఉంటుందని ఆయనకి చెప్పండి, బరువు పెంచుకుని నెట్టేసే అవకాశం రూలే ఇవ్వదు. కోర్టు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. అంటే ఒక జట్టుకి దక్కేది ఆరున్నర మీటర్లు, అందులో ఏడుగురు. ఎదుటి కోర్టులోకి కూతకి వెళ్ళడమే రైడ్, వెళ్ళేవాడు రైడర్. ఒక్కో రైడ్‌కి 30 సెకన్లు. ఆ సేపంతా కూత ఆగకూడదు, అంటే రైడర్ ఊపిరి తన ఇష్టం వచ్చినట్టు తీసుకోలేడు. మిగతా ఏ టీం ఆటలోనైనా ఆటగాడు రొప్పుకోవచ్చు, ఇక్కడ అదీ లేదు.

ఒక్క బోనస్ పాయింట్ సంగతి చెబుతాను చూడండి. బోనస్ గీత మధ్య గీతకి 4.75 మీటర్ల దూరంలో ఉంటుంది. అవతల ఆరుగురో ఏడుగురో డిఫెండర్లు ఉన్నప్పుడు ముందు కాలు ఆ గీత దాటాలి, అదే సమయంలో వెనక కాలు గాలిలో ఉండాలి. అంటే శత్రువు కోర్టు లోపల, ఇంటికి దాదాపు ఐదు మీటర్ల దూరంలో, ఒంటి బరువంతా ముందుకి వాలి రైడర్ ఒంటికాలి మీద ఉన్న క్షణం అది. డిఫెండర్ల వరుసకి చివర, కార్నర్‌లో ఉన్నవాడు ఎదురు చూసేది సరిగ్గా ఆ క్షణం కోసమే. వాడు అప్పటిదాకా మోకాళ్ళు వంచి, మడమలు నేలకి ఆనీ ఆననట్టు పెట్టి, పక్కవాడి చెయ్యి వదలకుండా అటూ ఇటూ జరుగుతూ ఉంటాడు. పిల్లలకి నేను ఎప్పుడూ చెప్పేది ఒకటే, రైడర్ కళ్ళు చూడకు, చేతులు చూడకు, నడుం చూడు. చేతులతో మోసం చెయ్యొచ్చు, నడుంతో చెయ్యడం కష్టం. నడుం ముందుకి వంగిందీ అనగానే కార్నర్ ముందుకి దూకి రెండు చేతులతో చీలమండ దగ్గర తాళం వేసి తన ఛాతీ వైపు లాక్కోవాలి. ఒక్క పిసరు ముందు దూకితే రైడర్ కాలు వెనక్కి లాక్కుని వాడి వీపు తాకి వెళ్ళిపోతాడు. ఒక్క పిసరు ఆలస్యమైతే రెండో కాలు నేల మీద పడి రైడర్‌కి నిలదొక్కుకునే బలం వచ్చేస్తుంది, ఇక ఈడ్చుకుపోతాడు. దొరికాక కూడా అయిపోలేదు, వరుస లోపలి వైపు ఉండే కవర్ వచ్చి డాష్ కొట్టాలి, అంటే ఒంటితో గుద్దాలి, మిగతావాళ్ళు పైన పడాలి. వాళ్ళ కింద నుంచి రైడర్ చెయ్యి చాచి మధ్య గీత తాకితే పట్టుకున్నవాళ్ళందరూ అవుట్.

ఇందులో కుస్తీ ఉంది, స్ప్రింటర్ మొదటి రెండు అడుగుల పేలుడు ఉంది, పేరున్న రైడర్ పర్దీప్ నర్వాల్ డుబ్కీ చూశారుగా, పూర్తిగా గొంతుక్కూర్చున్నంత కిందికి దిగి చేతుల చైన్ కింద నుంచి బయటపడి పరిగెత్తాలంటే నడుం, తుంటి ఎంత వంగాలో, తొడల్లో ఎంత శక్తి ఉండాలో ఆలోచించండి. పైగా ప్రధాన రైడర్ ఒక మ్యాచ్‌లో ఇరవై దాకా రైడ్లు వెయ్యడం మామూలే, రైడ్ అయ్యి రాగానే వెళ్ళి కుర్చీలో కూర్చోడు, ఎదుటి రైడర్ వస్తుంటే డిఫెన్స్‌లో నిలబడాలి.

కబడ్డీకి శరీరం ఎంత ముఖ్యమో మనకి బాగా తెలిసొచ్చింది 2018లో. 1990 బీజింగ్ ఆసియా క్రీడల్లో కబడ్డీ ప్రవేశపెట్టినప్పటి నుంచి అప్పటిదాకా పురుషుల స్వర్ణం ప్రతిసారీ మనదే. ఆ ఏడు జకార్తా ఆసియా క్రీడల్లో సెమీఫైనల్లోనే ఇరాన్ మనల్ని ఓడించింది, మహిళల ఫైనల్లో కూడా ఇరాన్ చేతిలోనే ఓడాం. తరతరాల అనుభవం మనది, అయినా కుస్తీ సంప్రదాయం ఉన్న దేశం వచ్చి పట్టులో మనల్ని నిలబెట్టేసింది. తర్వాత హాంగ్‌ఝౌలో రెండు స్వర్ణాలూ తిరిగి గెలుచుకున్నాం, కానీ దాని కోసం చెమట బాగానే ఓడ్చాల్సి వచ్చింది. కండబలం ఉంటే చాలు అనే మాట నిజమైతే ఏ వెయిట్‌లిఫ్టర్‌నో తెచ్చి కార్నర్‌లో పెట్టేవాళ్ళు, ఎవరూ పెట్టరు.

అయితే కబడ్డీకి లోటు లేదా అంటే ఉంది. ఒకే దిక్కున ఎక్కువసేపు పరిగెత్తాల్సిన అవసరం దాదాపు రాదు, అందుకని కేవలం కబడ్డీయే ఆడిన పిల్లల్లో చాలామందికి అసలైన దమ్ము తక్కువ ఉంటుంది, రెండో సగంలో పది నిమిషాలు గడిచేసరికి కాళ్ళు నిటారుగా అయిపోతాయి, వంగి నిలబడలేరు, అక్కడే పాయింట్లు పోతాయి. ఈ సంగతి చివర్లో మళ్ళీ చెబుతాను, మీ అబ్బాయికి పనికొస్తుంది.

ఖోఖో గురించి ఎవరూ అడగరు, నాకు బాధ కూడా అదే. 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు కోర్టు, రెండు పోల్స్ మధ్య ఎనిమిది మంది చేజర్లు అటొకరు ఇటొకరు ముఖం పెట్టి కూర్చుంటారు. లేచిన చేజర్ ఒక దిక్కు పట్టాడంటే పోల్ చేరేదాకా వెనక్కి తిరగడానికి లేదు, మధ్య లేన్ దాటడానికి లేదు, రన్నర్‌కి ఆ నిబంధనలేవీ లేవు. అంటే కూర్చున్న చోటు నుంచి ఖో వినపడగానే మొదటి అడుగే పూర్తి వేగంతో పడాలి, అది కూడా సరైన దిక్కులో. వంద మీటర్ల పరుగులో బ్లాక్స్ మీద నుంచి లేచేవాడికి దిక్కు ముందే తెలుసు, వీడికి తెలియదు. పోల్ పట్టుకుని ఒళ్ళంతా గాలిలో చాచి డైవ్ కొట్టే చేజర్‌ని ఒకసారి దగ్గర్నుంచి చూస్తే ఈ ఆటని పిల్లల ఆట అని ఇంకెప్పుడూ అనరు. 2025 జనవరిలో ఢిల్లీలో మొదటి ఖోఖో ప్రపంచకప్ జరిగింది, పురుషులు, మహిళలు రెండు కప్పులూ మనవే. చిన్నప్పుడు ఖోఖో ఆడిన పిల్లలు తర్వాత ఏ ఆటకి వెళ్ళినా కాళ్ళ చురుకులో ముందుంటారు, ఇది నా సర్వీసంతా చూసిన విషయం.

నేనాడిన వాలీబాల్‌కి పక్షపాతం లేకుండా చెబుతాను. ఇది ఒకే గుణాన్ని విపరీతంగా అడిగే ఆట, ఎగరడం. పురుషులకి నెట్ ఎత్తు 2.43 మీటర్లు, మహిళలకి 2.24. ఐదు సెట్లు సాగిన మ్యాచ్‌లో మిడిల్ బ్లాకర్ దగ్గర దగ్గర వంద సార్లు ఎగరాల్సి రావచ్చు, మొదటి సెట్‌లో నెట్ ఎంత ఎత్తుందో ఐదో సెట్‌లోనూ అంతే ఎత్తుంటుంది, అలసిపోయానని అది కిందికి దిగదు. కుడిచేతి షూటర్ చివరి రెండు అడుగులు కుడి, ఎడమ అని టకటకా వేసి, ముందుకి వస్తున్న వేగాన్నంతా పైకి మలిచి, గాలిలో ఉండగానే లిఫ్టర్ ఇచ్చిన బంతి ఎక్కడుందో, ఎదుటి బ్లాక్‌లో సందు ఎక్కడుందో చూసి కొట్టాలి. కిందికి దిగేటప్పుడు మోకాలి మీద పడే భారం గురించి వాలీబాల్ ఆడినవాళ్ళని అడగండి, నలభై దాటాక మెట్లు ఎక్కేటప్పుడు అందరికీ గుర్తొస్తుంది. కానీ తిరగాల్సిన జాగా చిన్నది, ర్యాలీల మధ్య ఊపిరి తీసుకునే సమయం ఉంటుంది. పైగా ఎత్తు లేనివాడికి నెట్ దగ్గర చోటు దాదాపు మూసుకుపోయింది. 1998లో లిబెరో అనే, వెనక వరుసలో బంతి తియ్యడానికే ఉండే స్థానాన్ని అంతర్జాతీయ ఆటలోకి తెచ్చాక గానీ పొట్టివాళ్ళకి జట్టులో ఖాయమైన స్థలం దొరకలేదు.

బాస్కెట్‌బాల్‌దీ దాదాపు ఇదే కథ, ఇంకొంచెం పరుగు ఎక్కువ. రింగ్ 3.05 మీటర్ల ఎత్తు, 24 సెకన్లలో షాట్ కొట్టాలి, 28 మీటర్ల కోర్టులో అటూ ఇటూ పరిగెత్తుతూ, ఆగుతూ, ఎగురుతూ ఉండాలి. గొప్ప అథ్లెట్లు ఆడే ఆటే, సందేహం లేదు. కాకపోతే మీ తమ్ముడు ఆలోచించని విషయం ఒకటుంది, ఎత్తు అనేది సామర్థ్యం కాదు, పుట్టుకతో వచ్చేది. మీ ఇంట్లో ఎవరూ ఆరడుగులు లేకపోతే, అబ్బాయి ఎంత అథ్లెట్ అయినా ఆ ఆటలో పైస్థాయికి వెళ్ళడం చాలా కష్టం. కబడ్డీలో, హాకీలో, ఫుట్‌బాల్‌లో ఆ గోడ అంత ఎత్తుగా లేదు.

నన్ను బలవంతం చేసి ఒక్క ఆట పేరు చెప్పమంటే మాత్రం హాకీ అంటాను. ఫుట్‌బాల్ అంత మైదానం, 91.4 మీటర్లు బై 55. ఫుట్‌బాల్‌లో ఉన్నట్టే ఉరుకు, కోలుకో, మళ్ళీ ఉరుకు. కానీ ఇదంతా నడుం వంచి చెయ్యాలి. చేతిలో కర్ర ఉంటుంది, బంతి నేల మీద ఉంటుంది, కర్రకి ఒక వైపే వాడాలి కాబట్టి ఎడమ వైపు బంతి వస్తే మణికట్టు తిప్పి కర్ర తిరగేయాలి, తల మాత్రం పైకెత్తి పాస్ ఎవరికివ్వాలో చూస్తూ ఉండాలి. మీరు ఒకసారి నడుం వంచి రెండు చేతులూ మోకాళ్ళ ముందు పెట్టుకుని స్కూల్ గ్రౌండ్ ఒక్క చుట్టు పరిగెత్తి చూడండి, తొడల వెనక కండరాలు చెబుతాయి. ఇప్పుడు 15 నిమిషాల క్వార్టర్లు నాలుగు, ఎన్నిసార్లైనా ఆటగాళ్ళని మార్చుకోవచ్చు. ఆ మార్పుల వల్ల ఆట సులువైపోలేదు, ప్రతివాడూ లోపలున్న కొద్ది నిమిషాలూ పూర్తి వేగంతో ఆడాల్సి వస్తోంది.

హాకీ చెప్పే ఇంకో విషయం చాలా ముఖ్యమైనది. ఆట పేరు అదే, రూల్స్ దాదాపు అవే, నేల మారితే కావాల్సిన శరీరమే మారిపోతుంది. గడ్డి మీద బంతి ఎగుడుదిగుళ్ళకి ఆగుతుంది, దారి తప్పుతుంది, అక్కడ మణికట్టు పనితనం ఉన్న మనవాళ్ళు రాజ్యమేలారు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కృత్రిమ మైదానం మీద ఆడించారు, మనకి ఏడో స్థానం వచ్చింది. బంతి వేగం పెరిగింది, దానితో పరుగు పెరిగింది, మనకేమో అలాంటి మైదానాలే లేవు. ఆ తర్వాతి కాలంలో ఆడిన హైదరాబాద్ ముకేశ్ కుమార్ లాంటివాళ్ళు ఈ కొత్త వేగానికి అలవాటు పడాల్సి వచ్చింది, ఉమ్మడి చిత్తూరు జిల్లా నుంచి వచ్చిన గోల్‌కీపర్ రజని ఇతిమార్పు ఆడే రోజులకి ఆటంతా టర్ఫ్ మీదే. 2024 పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్ చూశారా? గ్రేట్ బ్రిటన్ మీద అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డ్ వచ్చాక 40 నిమిషాలకి పైగా పదిమందితో ఆడారు, 1-1తో నిలబెట్టి షూటౌట్‌లో గెలిచారు. గోల్‌కీపర్ శ్రీజేశ్ గురించి అందరూ చెప్పుకున్నారు, చెప్పుకోవాల్సిందే, కానీ ఒక మనిషి తక్కువై అంతసేపు ప్రతి సందూ మూస్తూ పరిగెత్తిన ఆ కాళ్ళని నేను మర్చిపోలేను. అంత ఫిట్‌నెస్ లేని జట్టు ఆ మ్యాచ్‌ని అక్కడిదాకా తేలేదు.

క్రికెట్ గురించి ఎక్కువ చెప్పను, అందరికీ తెలిసిందే. జట్టులో చాలామందికి పైన చెప్పిన ఆటలంత కష్టం ఒంటికి ఉండదు, ఇది క్రికెట్‌ని తక్కువ చెయ్యడం కాదు. 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతికి బ్యాట్స్‌మన్ దగ్గర అర సెకను కూడా ఉండదు, అందులో ఆడాలో వదలాలో తేల్చుకోవడం మహా విద్య, కానీ అది కన్నూ చెయ్యీ చేసే పని. 2018లో అంబటి రాయుడు ఐపీఎల్‌లో బ్రహ్మాండంగా ఆడి, యో-యో టెస్టు పాసవలేదని ఇంగ్లండ్ వన్డేలకి దూరమయ్యాడు. ఫుట్‌బాల్ వాళ్ళ కోసం తయారైన కొలతతో బ్యాట్స్‌మన్‌ని కొలవడం నాకు ఇప్పటికీ సరైనదిగా అనిపించదు. ఫాస్ట్ బౌలర్ మాత్రం పూర్తిగా వేరు. బంతి వదిలేటప్పుడు ముందు కాలి మీద ఒంటి బరువుకి ఐదారు రెట్ల భారం పడుతుంది, అదీ ప్రతి బంతికీ. మన సిరాజ్ 2025 ఇంగ్లండ్ సిరీస్‌లో ఐదు టెస్టులూ ఆడి 185 ఓవర్లకి పైగా వేశాడు, వెయ్యి బంతులు దాటినట్టే. అన్నీ అయ్యాక ఓవల్‌లో ఆఖరి రోజు అట్కిన్సన్ స్టంప్స్ ఎగరగొట్టిన యార్కర్ 140 దాటిన వేగంతో వచ్చింది, మ్యాచ్ 6 పరుగులతో గెలిచాం. ఆ శరీరాన్ని ఏ ఆట శరీరంతో పోల్చినా తక్కువ కాదు.

కాబట్టి నా లెక్క ఇది. మొత్తం మ్యాచ్‌కి ఒంటిని అన్ని రకాలుగా పిండేది హాకీ. దమ్ము ఒక్కటే చూస్తే ఫుట్‌బాల్ కూడా దానికి తీసిపోదు. ఒక్కో సెకనుకి అడిగేది చూస్తే కబడ్డీ, దాని వెంటే ఖోఖో. వాటర్ పోలో, రగ్బీ లాంటివి మన దగ్గర పిల్లలకి అందుబాటులో లేవు కాబట్టి వాటి జోలికి పోలేదు. అడుగు తగలని నీళ్ళలో తేలుతూ బంతాడే వాటర్ పోలో వాళ్ళంటే నాకు చాలా గౌరవం.

మీ అబ్బాయి విషయానికొస్తే, జిల్లాకి ఎంపికైన పిల్లవాణ్ణి ఈ వయసులో ఆట మార్పించకండి. మార్చే బదులు కలపండి. కబడ్డీ పిల్లలకి దమ్ము తక్కువ ఉంటుందని చెప్పాను కదా, వారానికి రెండు సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడనివ్వండి, మీ తమ్ముడినే తీసుకెళ్ళమనండి. ఉత్త రౌండ్లు కొట్టించడం కన్నా అది మేలు, ఎందుకంటే అందులో ఉరకడం, ఆగడం, తిరగడం ఉంటాయి. ఖోఖో ఆడే పిల్లలు దగ్గర్లో ఉంటే ఇంకా మంచిది. బరువులు ఎత్తించడానికి తొందర వద్దు, ముందు సొంత ఒంటి బరువుతో గుంజీలు, దండీలు, తాడు ఎక్కడం సరిగ్గా రానివ్వండి. పట్టు బలం కోసం తాడు ఎక్కడానికి మించింది లేదు.

ఇంకొక్కటి, ఇది మాత్రం గట్టిగా పట్టించుకోండి. వయసు కేటగిరీల్లో బరువు పరిమితి ఉంటుంది. సెలక్షన్ ముందు బరువు తగ్గాలని పిల్లలు నీళ్ళు మానేయడం, తిండి మానేయడం, ఎండలో స్వెటర్ వేసుకుని పరిగెత్తడం నేను కళ్ళారా చూశాను. ఎదిగే పిల్లలకి అది ప్రమాదం, పైగా అలా బరువు దింపుకుని కోర్టులోకి దిగినవాడికి కాళ్ళలో శక్తి ఉండదు, కండరాలు పట్టేస్తాయి. బరువు దాటితే దాటనివ్వండి, పై కేటగిరీలో ఆడతాడు.

వాణ్ణి రైడర్‌గా తీసుకున్నారా, కార్నర్‌గానా, కవర్‌గానా అన్నది మీరు రాయలేదు. ఎత్తు, బరువు, ఏ పొజిషన్ అన్నది చెప్పండి, దాన్నిబట్టి ప్రాక్టీస్‌లో ఏమేం కలపాలో రాస్తాను.